హెచ్ఎఫ్‌క్యూ శుద్ధి: జెల్‌కు కనిపించని ఆర్ఎన్ఏ

పరిశోధనశాలలకు అమ్మే రీకాంబినెంట్ ప్రొటీన్ల (జన్యువును బ్యాక్టీరియాలో పెట్టి తయారు చేయించినవాటి) గొట్టాల మీద సాధారణంగా ఒక మాట రాసి ఉంటుంది: ఎస్‌డీఎస్ జెల్ (ప్రొటీన్లను పరిమాణాన్ని బట్టి విడదీసే పరీక్ష) ప్రకారం స్వచ్ఛత 95 శాతానికి పైనే అని. మామూలు ఎంజైముల విషయంలో ఆ మాట చాలావరకు సరిపోతుంది. ఆర్ఎన్ఏను పట్టుకోవడమే పనిగా ఉన్న ప్రొటీన్‌కు చాలదు. జెల్‌కు వేసే కూమాసీ రంగు ప్రొటీన్‌నే చూపిస్తుంది. ఆ ప్రొటీన్‌ను తయారుచేసిన బ్యాక్టీరియా కణంలో ఆర్ఎన్ఏ కుప్పలుగా ఉంటుంది. కణం పగిలిన క్షణం నుంచి ప్రొటీన్ దానికి అతుక్కునే ఉంటుంది. జెల్ మీద ఒకే ఒక్క చక్కటి బ్యాండ్ కనిపించినా, గొట్టంలో ఉన్న అణువుల్లో మూడో వంతు అప్పటికే ఏదో ఒక ఆర్ఎన్ఏ ముక్కను పట్టుకుని కూర్చుని ఉండొచ్చు. అలాంటి ప్రొటీన్‌తో బంధన బలం కొలిస్తే వచ్చే అంకెకు అర్థం లేదు.

ఈ చిక్కు అన్ని ఆర్ఎన్ఏ బంధక ప్రొటీన్లకూ ఉంది. దాన్ని దగ్గరగా చూడాలంటే ఈ.కోలై బ్యాక్టీరియాలోని హెచ్ఎఫ్‌క్యూను మించినది దొరకదు; కణంలో ఆర్ఎన్ఏలను ఒకదానితో ఒకటి జతచేసే ప్రొటీన్ ఇది. చిన్న ప్రొటీన్, ఉడికించినా చెడదు, ట్యాగ్ (కాలమ్‌ను పట్టుకోవడానికి ప్రొటీన్‌కు తగిలించే హిస్టిడిన్ల వరుస) లేకపోయినా నికెల్ కాలమ్‌కు అంటుకుంటుంది. తీయడం ఇంత సులువైన ప్రొటీన్ విషయంలోనే ఎక్కువ తప్పులు జరుగుతుంటాయి.

1968లో ఫ్రాన్జ్ డి ఫెర్నాండెజ్, ఇయోయాంగ్, ఆగస్ట్ దీన్ని గుర్తించారు. క్యూ-బీటా అనే బ్యాక్టీరియోఫేజ్ (బ్యాక్టీరియాకు సోకే వైరస్) తన ఆర్ఎన్ఏను నకలు తీసుకోవడానికి బ్యాక్టీరియా నుంచి అరువు తెచ్చుకునే సహాయకారిగా ఇది బయటపడింది; పేరూ అందులోంచే వచ్చింది (క్యూ-బీటాకు హోస్ట్ ఫ్యాక్టర్ అని). 1975 నాటికే దీన్ని పాలీ-ఎ అతికించిన సెల్యులోజ్ కాలమ్ మీద శుద్ధి చేశారు. అంటే అడినిన్ల వరుస మీద దీనికున్న మోజు మొదటి నుంచీ తెలిసిందే. 2002లో రెండు బృందాలు విడివిడిగా దీన్ని ఎస్ఎమ్ కుటుంబపు వలయ ప్రొటీన్లతో కలిపాయి. నిజకేంద్రక జీవుల్లో స్ప్లైసింగ్‌కు తోడ్పడే ఎస్ఎమ్ ప్రొటీన్లు ఏడేడుగా వలయం కడితే, ఇది ఆరారుగా కడుతుంది.

ఒక్కో ఉపభాగంలో 102 అమైనో ఆమ్లాలు, బరువు సుమారు 11.2 కిలోడాల్టన్లు. ఆరు కలిసిన వలయం 67 కిలోడాల్టన్లు. గారెలాంటి ఈ వలయానికి ఆర్ఎన్ఏను పట్టే చోట్లు మూడు. ఒక ముఖం (దగ్గరి ముఖం అంటారు) చిన్న ఆర్ఎన్ఏల చివర ఉండే యురిడిన్ల తోకను పట్టుకుంటుంది. రెండో ముఖం, అంటే దూరపు ముఖం, అడినిన్ ఎక్కువగా ఉన్న వరుసలను పట్టుకుంటుంది. ఈ.కోలై హెచ్ఎఫ్‌క్యూకు నచ్చే నమూనా అడినిన్, ఆ పక్కన ప్యూరిన్, ఆపైన ఏదైనా ఒకటి. మూడోది వలయపు అంచు. అక్కడ 16, 17, 19 స్థానాల్లోని ఆర్జినిన్లు ధనావేశంతో ఉంటాయి. 66వ స్థానం దాటాక వచ్చే తోకకు స్థిరమైన ఆకారం లేదు, దాని కొస ఆమ్లపూరితం. జత కుదిరిన ఆర్ఎన్ఏలను వలయం మీంచి తోసేసేది ఆ కొసే. కాబట్టి శుద్ధిలో ప్రొటీయేజు (ప్రొటీన్లను కోసే ఎంజైము) తోకను కొరికేస్తే చేతికి వచ్చేది వేరే ప్రొటీన్ అనుకోవాలి.

పనికి దిగేముందు ఆతిథేయ స్ట్రెయిన్ సంగతి తేల్చుకోవాలి. ప్రొటీన్ తీయడానికి అందరూ వాడే బీఎల్21 (డీఈ3)లో దాని సొంత హెచ్ఎఫ్‌క్యూ ఉంటుంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్నట్టు, ఇది ఏ పరీక్షకూ తేలిగ్గా దొరకదు. ఉదాహరణకు దూరపు ముఖం పనిచేయని 25వ స్థానపు మ్యూటెంట్‌ను (మార్పు చేసిన రూపాన్ని) ప్లాస్మిడ్ (కణంలో పెట్టిన చిన్న విడి డీఎన్ఏ) నుంచి తయారు చేయిస్తున్నప్పుడు, క్రోమోజోమ్ నుంచి వచ్చే సహజ ఉపభాగాలు ఆ వలయాల్లో దూరిపోతాయి. ఆరింటిలో ఒకటో రెండో సహజమైనవి ఉన్న మిశ్రమ వలయం అడినిన్ వరుసను కొంత పట్టుకుంటుంది. మ్యూటేషన్ ప్రభావం స్వల్పమే అన్న తప్పుడు ముగింపు అక్కడి నుంచి పుడుతుంది. హెచ్ఎఫ్‌క్యూ జన్యువు తీసేసిన స్ట్రెయిన్ వాడటం తప్ప దీనికి మందు లేదు. ఆ స్ట్రెయిన్ నెమ్మదిగా పెరుగుతుంది, ఒత్తిడికి త్వరగా లొంగుతుంది. రాత్రి పెంచిన కల్చర్ పాతబడక ముందే వాడుకోవాలి. ఇంకో ప్రొటీన్‌ను హిస్టిడిన్ ట్యాగ్‌తో తీసేవాళ్లకు కూడా ఇదే హెచ్ఎఫ్‌క్యూ పిలవని పేరంటంగా వచ్చి పడుతుంది. నికెల్ కాలమ్‌ను మలినం చేసే ఈ.కోలై ప్రొటీన్ల జాబితాలో ఆర్న్ఎ, స్లైడి, గ్లమ్ఎస్‌లతో పాటు దీని పేరూ ఉంది.

పెంపకం మామూలే. లీటరు ఎల్‌బీ పెంపక ద్రవంలో 37 డిగ్రీల సెల్సియస్ దగ్గర 600 నానోమీటర్ల సాంద్రత 0.5–0.6కి వచ్చాక 0.5 నుంచి 1 మిల్లీమోలార్ ఐపీటీజీ (ప్రొటీన్ తయారీని మొదలుపెట్టించే రసాయనం) వేసి 3 గంటలు నడిపిస్తే చాలు.

కణాలను పగలగొట్టే బఫర్‌లో ఏం ఉండాలన్నదాని కంటే ఏం ఉండకూడదన్నది ముఖ్యం. 50 మిల్లీమోలార్ ట్రిస్ (పీహెచ్ 8.0), 1 మోలార్ సోడియం క్లోరైడ్, 5 శాతం గ్లిసరాల్, కణాలు పగలగొట్టడానికి సరిగ్గా ముందు 1 మిల్లీమోలార్ పీఎమ్ఎస్ఎఫ్ (ప్రొటీయేజులను ఆపే రసాయనం) వేసుకుంటే పని జరుగుతుంది. పీఎమ్ఎస్ఎఫ్ నీళ్లలో ఎక్కువసేపు నిలవదు, పొద్దున కలిపి మధ్యాహ్నం వాడితే వేయనట్టే లెక్క. ఈడీటీఏ వేయకూడదు, నికెల్‌ను కాలమ్ నుంచి ఊడదీస్తుంది. సిస్టీన్లను కాపాడే డీటీటీ అక్కర్లేదు, అది రెజిన్‌ను గోధుమ రంగుకు తిప్పుతుంది. హెచ్ఎఫ్‌క్యూలో సిస్టీన్ ఒక్కటీ లేదు కాబట్టి కాపాడాల్సిన అవసరమే లేదు. లైసోజైమ్ కూడా వద్దు. గుడ్డు తెల్లసొన నుంచి తీసే ఆ ఎంజైము 14 కిలోడాల్టన్ల క్షార ప్రొటీన్. జెల్ మీద హెచ్ఎఫ్‌క్యూ పక్కనే తేలుతుంది, ఆర్ఎన్ఏకూ అంటుకుంటుంది. మంచులో ఉంచి 10 సెకన్లు నడిపి 20 సెకన్లు ఆపుతూ సోనికేషన్ చేయడం మేలు.

సెంట్రిఫ్యూజ్‌లో 15,000 జీ దగ్గర 30 నిమిషాలు తిప్పి, పైతేటను వేరే గొట్టంలోకి తీసి, 80–85 డిగ్రీల నీటి స్నానంలో 15 నిమిషాలు ఉంచితే ఈ.కోలై ప్రొటీన్లు చాలావరకు విరిగిన పాలలా గడ్డకడతాయి. హెచ్ఎఫ్‌క్యూ తేటలోనే మిగులుతుంది. పెద్ద గొట్టంలో 40 మిల్లీలీటర్లు పోసి పెడితే మధ్యలో వేడి చేరేసరికే 15 నిమిషాలు గడిచిపోతాయి. 5–10 మిల్లీలీటర్ల చొప్పున పంచి, లోపల థర్మామీటర్ పెట్టి, 80 దాటాక లెక్క మొదలుపెట్టాలి. ఇంకో మెలిక ట్రిస్‌ది. డిగ్రీ పెరిగే కొద్దీ దాని పీహెచ్ సుమారు 0.028 చొప్పున పడిపోతుంది. 25 డిగ్రీల దగ్గర 8.0 ఉన్న బఫర్ 85 దగ్గర 6.3కి వచ్చేస్తుంది. హెచ్ఎఫ్‌క్యూకు దానివల్ల నష్టం లేదు. కానీ వేడి తగ్గకుండానే కాలమ్ మీద పోస్తే హిస్టిడిన్లు ఆ పీహెచ్‌లో ప్రోటాన్ పట్టుకుని ఉంటాయి కాబట్టి నికెల్‌ను వదిలేస్తాయి. చల్లార్చి, మళ్లీ తిప్పి, గడ్డను వదిలి, తేటను మాత్రమే వాడాలి.

నికెల్‌కు ట్యాగ్ లేకుండా అంటుకోవడానికి కారణం వరుసలోనే ఉంది. ఒక్కో ఉపభాగంలో 57, 70, 71, 84, 85 స్థానాల్లో హిస్టిడిన్లు. ఇందులో నాలుగు తోకలో జంటలుగా ఉన్నాయి. ఆరు తోకలూ కలిస్తే 24 హిస్టిడిన్లు ఒకే అణువు మీద వేలాడుతున్నట్టు. తోక కత్తిరించిన 65 అమైనో ఆమ్లాల రూపానికి ఈ సౌకర్యం లేదు, దానికి ట్యాగ్ తప్పదు. పూర్తి ప్రొటీన్‌కు తోక చివర ట్యాగ్ పెట్టడం మాత్రం మంచిది కాదు: ఆమ్లపు కొస చేసే పనికి ధనావేశపు హిస్టిడిన్లు అడ్డొస్తాయి.

ఇప్పుడు అసలు పని, ఆర్ఎన్ఏను వదిలించడం. చాలామంది మొదట చేసేది ఆర్ఎన్ఏజ్-ఎ (ఆర్ఎన్ఏను కోసే ఎంజైము) వేయడం. చవక, ఎప్పుడూ ఫ్రీజర్‌లో ఉంటుంది, ఏ కోఫ్యాక్టరూ అడగదు. హెచ్ఎఫ్‌క్యూ దగ్గర మాత్రం ఇది మూడు వైపుల నుంచి ఎదురు తిరుగుతుంది. మొదటిది, ఆర్ఎన్ఏజ్-ఎ సైటిడిన్, యురిడిన్ల తర్వాత మాత్రమే కోస్తుంది; అడినిన్ వరుసల జోలికి పెద్దగా పోదు. దూరపు ముఖం ఇష్టపడి పట్టుకునేది సరిగ్గా అలాంటి వరుసలనే. రెండోది, వలయం కప్పి ఉంచిన భాగం ఏ న్యూక్లియేజుకైనా అందదు. బయటికి వేలాడేదంతా తెగిపోయి, లోపలి చిన్న ముక్క అలాగే మిగులుతుంది. పెద్ద ఆర్ఎన్ఏ పోయింది కదా అని సంతోషించేలోపు, ఏ జెల్‌లోనూ సరిగా కనిపించని 10–20 న్యూక్లియోటైడ్ల తునకలు వలయాలకు బిరడా వేసి ఉంటాయి. మూడోది అన్నిటికంటే ప్రమాదకరం. ఆర్ఎన్ఏజ్-ఎకు నాలుగు డైసల్ఫైడ్ బంధాలున్నాయి. 85 డిగ్రీల్లో విప్పుకున్నా చల్లారగానే మళ్లీ మడుచుకుని పనిలోకి దిగుతుంది. ఈడీటీఏ దాన్ని ఆపదు. బరువు 13.7 కిలోడాల్టన్లు, జెల్ మీద హెచ్ఎఫ్‌క్యూకు దగ్గర్లోనే ఉంటుంది. నానోగ్రాముల్లో మిగిలినా నెల తర్వాత చేసే బంధన పరీక్షలో ఆర్ఎన్ఏ అంతా పొగలా చెదిరిపోతుంది. ఆర్ఎన్ఏతో పని చేయాల్సిన ప్రొటీన్‌లో చేతులారా ఆర్ఎన్ఏజ్ కలుపుకోవడం కొరివితో తల గోక్కోవడమే.

న్యూక్లియేజు కావాలనుకుంటే మైక్రోకాకల్ న్యూక్లియేజు నయం. దానికి కాల్షియం తప్పనిసరి. 1–5 మిల్లీమోలార్ కాల్షియం ఇచ్చి పని చేయించి, ఆ తర్వాత ఈజీటీఏతో నోరు కట్టేయొచ్చు. అడినిన్, యురిడిన్ ఎక్కువున్న చోట్లనే అది ఎక్కువగా కోస్తుంది కాబట్టి ఇక్కడ అవసరానికి సరిగ్గా సరిపోతుంది. ఈజీటీఏ నికెల్‌నూ లాగేస్తుంది, అందుకే కాలమ్ అయ్యాకే దాన్ని వాడాలి. బెంజోనేజ్ మంచిదే, కానీ ఉప్పు ఎక్కువైతే దాని వేగం బాగా పడిపోతుంది. 1 మోలార్ సోడియం క్లోరైడ్ ఉన్న లైసేట్‌లో దాన్ని పోయడం డబ్బు నీళ్లలో పోయడమే.

న్యూక్లియేజు కంటే నమ్మకమైన దారి ఉప్పు. ప్రొటీన్ నికెల్‌కు కట్టుబడి ఉండగా 2 మోలార్ సోడియం క్లోరైడ్, 20 మిల్లీమోలార్ ఇమిడజోల్ (నికెల్ కోసం హిస్టిడిన్లతో పోటీపడే పదార్థం) ఉన్న ట్రిస్‌తో రెజిన్ పరిమాణానికి 20 రెట్లు కడగాలి. వేగంగా పోసేస్తే లాభం లేదు. సగం పోసి, కాలమ్ మూసి 10 నిమిషాలు ఆపి, మిగతా సగం పోస్తే వలయం నుంచి విడిపోయిన ఆర్ఎన్ఏకు బయటపడే సమయం దొరుకుతుంది. విద్యుదావేశంతో పట్టుకున్న ఆర్ఎన్ఏను ఉప్పు వదిలిస్తుంది. దూరపు ముఖంలోని అడినిన్లు గుంటల్లో పేర్చినట్టు కూర్చుంటాయి కనుక ఉప్పుకు అంత తేలిగ్గా లొంగవు. అప్పుడు అదే కడుగుడు బఫర్‌లో 2 మోలార్ యూరియా చేర్చి చూడొచ్చు. దాని తర్వాత యూరియా లేని బఫర్‌తో కడిగి, వలయం చెక్కుచెదరలేదని జెల్ ఫిల్ట్రేషన్‌లో సరిచూసుకోవాలి. దించడం 50, 100, 250, 500 మిల్లీమోలార్ ఇమిడజోల్ మెట్లలో చేస్తే ప్రతి మెట్టునూ విడిగా పరీక్షించే వీలుంటుంది.

మొదటి దశలోనే పాలీఇథిలీన్ఇమైన్‌తో ఆర్ఎన్ఏను ముద్దకట్టించే పద్ధతీ ఉంది. 1 మోలార్ ఉప్పులో 0.1 నుంచి 0.5 శాతం దాకా వేస్తే ఆర్ఎన్ఏ అడుక్కి పోతుంది, ప్రొటీన్ పైన ఉంటుంది. ఉప్పు తక్కువైతే ఆర్ఎన్ఏ తనతో పాటు ప్రొటీన్‌నూ లాక్కుపోతుంది, పైతేటలో ఏమీ మిగలదు. మిగిలిన పాలిమర్‌ను అమోనియం సల్ఫేట్‌తో ప్రొటీన్‌ను అవక్షేపించి వదిలించుకోకపోతే, రేపటి పరీక్షలో ఆర్ఎన్ఏకు అంటుకునేది ఆ పాలిమరే. చివరి మెరుగుకు హెపారిన్ (ఆర్ఎన్ఏలాగే రుణావేశమున్న చక్కెర గొలుసు) కాలమ్ తెలివైన ఎంపిక. 100–150 మిల్లీమోలార్ ఉప్పులో ఎక్కించి 1 మోలార్ దాకా పెంచుతూ దించుతారు. హెపారిన్‌ను పట్టుకోవాలంటే ప్రొటీన్ ఖాళీగా ఉండాలి. ఆర్ఎన్ఏ నిండిన అణువులు ఎక్కువగా అంటుకోకుండా జారిపోతాయి. శుద్ధీ పరీక్షా ఒకే దెబ్బతో అయిపోతాయి.

జెల్ విషయంలో ఒక హెచ్చరిక. హెచ్ఎఫ్‌క్యూ వలయం ఎస్‌డీఎస్‌కు కూడా అంత త్వరగా విడిపోదు. 95 డిగ్రీల దగ్గర 5 నిమిషాలు ఉడికించి నడిపితే 11 కిలోడాల్టన్ల దగ్గర ఒక బ్యాండ్, 60ల్లో మరో బ్యాండ్ వస్తాయి. పైదాన్ని మలినమనుకుని రెండో కాలమ్ వేసినవాళ్లు, మూడో కాలమ్ వేసినవాళ్లు ఉంటారు. నమూనాను 10 నిమిషాలు, అవసరమైతే ఇంకాసేపు ఉడికించి మళ్లీ నడపాలి. పై బ్యాండ్ సన్నబడి కింది బ్యాండ్ చిక్కబడితే అది వలయమే. 11 కిలోడాల్టన్లకు 15 శాతం జెల్ కానీ ట్రైసీన్ జెల్ కానీ కావాలి. 10 శాతం జెల్‌లో అది రంగు గీతతో కలిసి బయటికి పోతుంది.

ఇక కొలత. ప్రొటీన్ సాంద్రతను 280 నానోమీటర్ల శోషణతో కొలవడం అలవాటు. ఆ శోషణ ఎక్కువగా ట్రిప్టోఫాన్ నుంచి, కొంత టైరోసిన్ నుంచి వస్తుంది. హెచ్ఎఫ్‌క్యూలో ట్రిప్టోఫాన్ లేదు. టైరోసిన్లు 25, 55, 83 స్థానాల్లో మూడే. ఒక్కో టైరోసిన్‌కు 1490 చొప్పున ఉపభాగానికి 4470. దాన్ని 11,166 డాల్టన్లతో భాగిస్తే మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము స్వచ్ఛమైన హెచ్ఎఫ్‌క్యూ చూపే శోషణ 0.40 మాత్రమే. అదే మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము ఆర్ఎన్ఏ 260 దగ్గర 25, 280 దగ్గర దాదాపు 12.5 చూపిస్తుంది. అంటే బరువుకు బరువు చూస్తే 280 దగ్గర ఆర్ఎన్ఏ గొంతు ప్రొటీన్ గొంతు కంటే ముప్పై రెట్లు పెద్దది.

లెక్క వేసి చూస్తే సంగతి తెలుస్తుంది. బరువులో 1 శాతం ఆర్ఎన్ఏ ఉంటే 280 శోషణ 0.40 నుంచి 0.525కి పెరుగుతుంది. ప్రొటీన్ 31 శాతం ఎక్కువ ఉన్నట్టు కనిపిస్తుంది. స్వచ్ఛమైన ప్రొటీన్‌లో 0.6 దగ్గర ఉండాల్సిన 260/280 నిష్పత్తి 0.93కి చేరుతుంది. 3 శాతం ఆర్ఎన్ఏ ఉంటే శోషణ దాదాపు రెట్టింపు, నిష్పత్తి 1.28. బరువులో 3 శాతమే కదా అనిపించొచ్చు. 20 న్యూక్లియోటైడ్ల ముక్క బరువు సుమారు 6.6 కిలోడాల్టన్లు. మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము ప్రొటీన్ అంటే 15 మైక్రోమోలార్ వలయాలు; 30 మైక్రోగ్రాముల ఆర్ఎన్ఏ అంటే 4.5 మైక్రోమోలార్ ముక్కలు. ప్రతి పది వలయాల్లో మూడు నిండిపోయాయన్నమాట. అందుకే హెచ్ఎఫ్‌క్యూకు 0.7 దాటిన నిష్పత్తిని అనుమానించాలి, 0.9 దాటితే మళ్లీ ఉప్పు కడుగుడుకు వెనక్కి వెళ్లాలి. ట్రిప్టోఫాన్ పుష్కలంగా ఉన్న మరో ప్రొటీన్‌లో ఇదే 1 శాతం ఆర్ఎన్ఏ నిష్పత్తిని ఇంత కదిలించదు. కాబట్టి అందరికీ ఒకే హద్దు పెట్టడం సరికాదు, ఏ ప్రొటీన్‌కు ఆ ప్రొటీన్ లెక్క కట్టుకోవాలి.

చుక్క పెట్టి కొలిచే చిన్న పరికరాల్లో ఇంకో గమ్మత్తు జరుగుతుంది. అవి సాధారణంగా శోషణ 1 అంటే మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము అనుకునే అమరికలో ఉంటాయి. ఆ అమరికలో స్వచ్ఛమైన హెచ్ఎఫ్‌క్యూ అసలు విలువలో 40 శాతమే చూపిస్తుంది. 5 శాతం ఆర్ఎన్ఏతో మురికిగా ఉన్న హెచ్ఎఫ్‌క్యూ మాత్రం సరైన విలువ చూపిస్తుంది. రెండు తప్పులు కలిసి ఒక ఒప్పులా కనిపించే సందర్భమిది, జాగ్రత్తగా ఉండాలి. ఇమిడజోల్ కూడా 280 దగ్గర కొంత పీల్చుకుంటుంది; దించిన బఫర్‌నే ఖాళీ నమూనాగా పెట్టాలి. బ్రాడ్‌ఫర్డ్ పద్ధతికి వెళ్తే అక్కడా చిక్కే. ఆ రంగు ముఖ్యంగా ఆర్జినిన్లకు, కొంత లైసిన్లకు అంటుతుంది. హెచ్ఎఫ్‌క్యూలో ఇవి చెరి నాలుగే ఉన్నాయి, కొలమానంగా వాడే బీఎస్ఏ (ఆవు రక్తంలోని ఆల్బుమిన్) గీతతో పోల్చితే విలువ తక్కువగా వచ్చే అవకాశం ఎక్కువ. ఆర్ఎన్ఏ పోయిందని తేలాక 280 శోషణను 4470తో లెక్కగట్టడం, దాన్ని బీసీఏ అనే మరో రంగు పరీక్షతో సరిచూడడం మంచి పద్ధతి.

సాంద్రత చెప్పేటప్పుడు అది ఉపభాగానిదా వలయానిదా అన్నది ప్రతి గొట్టం మీదా రాయాలి. 6 మైక్రోమోలార్ ఉపభాగం అంటే 1 మైక్రోమోలార్ వలయం. ఒకరు ఒకలా, ఇంకొకరు ఇంకోలా లెక్కిస్తే బంధన స్థిరాంకాల్లో (ఆర్ఎన్ఏలో సగం బంధమయ్యే ప్రొటీన్ సాంద్రతల్లో) ఆరు రెట్ల తేడా ఊరికే పుడుతుంది. రెండు ప్రచురణల ఫలితాలు సరిగ్గా ఆరు రెట్లు తేడాగా కనిపిస్తే జీవశాస్త్ర కారణం వెతికే ముందు పద్ధతుల భాగం చదవాలి.

ఆర్ఎన్ఏజ్ పరీక్ష లేకుండా ఏ బ్యాచ్‌నూ ఫ్రీజర్‌కు పంపకూడదు. 1 మైక్రోగ్రాము ఈ.కోలై మొత్తం ఆర్ఎన్ఏతో 1 మైక్రోమోలార్ వలయాన్ని 37 డిగ్రీల్లో గంటసేపు ఉంచి, పక్కన ప్రొటీన్ లేని గొట్టాన్నీ పెట్టి, అగరోజ్ జెల్ మీద రైబోజోమ్ ఆర్ఎన్ఏల 23ఎస్, 16ఎస్ బ్యాండ్లను చూడాలి. జెల్‌లో వేసే ముందు ఎస్‌డీఎస్, ప్రొటీనేజ్-కెతో ప్రొటీన్‌ను తొలగించడం మరవకూడదు. లేకపోతే ఆర్ఎన్ఏను పట్టుకున్న హెచ్ఎఫ్‌క్యూ దాన్ని జెల్ బావిలోనే (నమూనా పోసే గుంటలోనే) ఆపేస్తుంది, బ్యాండ్లు మాయమైనట్టు కనిపిస్తాయి, ఏ పాపం ఎరుగని బ్యాచ్ చెత్తబుట్టలో పడుతుంది. ఆర్ఎన్ఏజ్ నిరోధకం పోసి నెట్టుకురావచ్చన్న ఆలోచన సగమే పనిచేస్తుంది: మావి నుంచి వచ్చే ఆ నిరోధక ప్రొటీన్ ఆర్ఎన్ఏజ్-ఎ కుటుంబాన్నే పట్టుకుంటుంది, ఈ.కోలై సొంత ఆర్ఎన్ఏజ్-1ను పట్టదు.

తర్వాతి ప్రశ్న: ఉన్న వలయాల్లో ఎన్ని పనిచేస్తున్నాయి? దీనికి బంధన స్థిరాంకం కొలిచే పరీక్ష పనికిరాదు, దానికి పూర్తి విరుద్ధమైన ఏర్పాటు కావాలి. ఫ్లోరసీన్ తగిలించిన 18 అడినిన్ల ఆర్ఎన్ఏకు హెచ్ఎఫ్‌క్యూతో స్థిరాంకం కొన్ని నానోమోలార్ లోపే ఉంటుంది. ఆ ఆర్ఎన్ఏను 200 నానోమోలార్ తీసుకుని, వలయాన్ని 0 నుంచి 500 నానోమోలార్ దాకా పెంచుతూ యానైసోట్రోపీ (ఆర్ఎన్ఏకు ప్రొటీన్ అంటుకునే కొద్దీ పెరిగే కాంతి సంకేతం) చూస్తే, గీత పైకి ఎక్కి ఒకచోట విరిగి సమంగా నడుస్తుంది. విరుపు 200 దగ్గర వస్తే ప్రతి వలయమూ పనిచేస్తోంది. 260 దగ్గర వస్తే పనిచేసేది 77 శాతం. స్థిరాంకం కొలవాలంటే మాత్రం ఆర్ఎన్ఏను స్థిరాంకం కంటే బాగా తక్కువ ఉంచాలి. రేడియోధార్మిక గుర్తుతో 0.1 నానోమోలార్ దాకా దిగొచ్చు. 10 నానోమోలార్ ఆర్ఎన్ఏ పెట్టి 5 నానోమోలార్ స్థిరాంకం వచ్చిందంటే, కొలిచింది బంధన బలాన్ని కాదు, ఆర్ఎన్ఏ సాంద్రతలో సగాన్ని.

ఇంత పలచన చేసినప్పుడు ప్రొటీన్ గొట్టం గోడలకు అంటుకుపోతుంది. తక్కువగా అంటే రకం గొట్టాలు, 0.01 శాతం ట్వీన్-20 కానీ మిల్లీలీటరుకు 0.1 మిల్లీగ్రాము బీఎస్ఏ కానీ వాడాలి. ఆ బీఎస్ఏ ఆర్ఎన్ఏజ్ లేనిదై ఉండాలి. జెల్ మీద జరుగుడు పరీక్ష అయితే 6 శాతం నేటివ్ జెల్, సగం బలం టీబీఈ బఫర్, 4 డిగ్రీలు, సెంటీమీటరుకు 10 వోల్టులు. బ్యాండ్ పొగలా సాగితే నడిచేటప్పుడు ఆర్ఎన్ఏ-ప్రొటీన్ జంట విడిపోతోందని అర్థం, జెల్‌ను చల్లబరచి తక్కువసేపు నడపాలి. అంతా బావిలో ఇరుక్కుంటే ఉప్పు తక్కువైంది లేదా ప్రొటీన్ ఎక్కువైంది. ఒకదాని పైన ఒకటి రెండు జరిగిన బ్యాండ్లు వస్తే పొడవైన ఆర్ఎన్ఏ మీద రెండో వలయం ఎక్కింది. ఎంత ప్రొటీన్ పోసినా ఆర్ఎన్ఏలో సగం కదలకపోతే ముందు ఆర్ఎన్ఏను చూడాలి: 90 డిగ్రీల్లో 2 నిమిషాలు వేడిచేసి, చల్లార్చి, మడతపడనిచ్చి మళ్లీ చేయాలి.

రెండు ఆర్ఎన్ఏలను జతచేసే వేగాన్ని కొలిచే పరీక్షల్లో, ఉదాహరణకు డీఎస్ఆర్ఎ అనే చిన్న ఆర్ఎన్ఏ, ఆర్‌పీఓఎస్ అనే సందేశ ఆర్ఎన్ఏల జంటలో, ప్రొటీన్ పెంచే కొద్దీ వేగం పెరిగి, ఒక స్థాయి దాటాక తగ్గుతుంది. ప్రొటీన్ చెడిపోయిందని కంగారు పడనక్కర్లేదు. వలయాలు అవసరానికి మించితే ఒక్కో ఆర్ఎన్ఏ ఒక్కో వలయం మీద వేరుకాపురం పెట్టేస్తుంది, కలిసే అవకాశం తగ్గుతుంది.

నిల్వకు 50 మిల్లీమోలార్ ట్రిస్ (పీహెచ్ 7.5), 250 మిల్లీమోలార్ అమోనియం క్లోరైడ్, 1 మిల్లీమోలార్ ఈడీటీఏ, 10 శాతం గ్లిసరాల్ సరిపోతాయి. కాలమ్ నుంచి జారిన నికెల్‌ను ఈడీటీఏ ఇక్కడ పట్టేస్తుంది, ఇప్పుడు దానివల్ల మేలే. చిక్కబరిచేందుకు 30 కిలోడాల్టన్ల హద్దున్న వడపోత గొట్టం వాడితే 67 కిలోడాల్టన్ల వలయం పైన ఆగుతుంది, లైసోజైమ్, ఆర్ఎన్ఏజ్-ఎ లాంటి చిన్నవి కొంతవరకు కిందికి పోతాయి. 20 మైక్రోలీటర్ల చొప్పున పంచి, ద్రవ నత్రజనిలో ముంచి, మైనస్ 80లో పెట్టాలి. మైక్రోమోలార్ కంటే పలచగా దాచకూడదు.

కొని తెచ్చుకునేవాళ్లు అమ్మకందారు ఇచ్చే పత్రంలో నాలుగు విషయాలు వెతకాలి: 260/280 నిష్పత్తి, ఆర్ఎన్ఏజ్ పరీక్ష ఫలితం, సాంద్రత ఉపభాగానిదా వలయానిదా, ఆతిథేయ స్ట్రెయిన్‌లో హెచ్ఎఫ్‌క్యూ జన్యువు ఉందా లేదా. జెల్ బొమ్మ ఒక్కటే ఉండి ఇవి లేకపోతే, గొట్టం తెరిచిన రోజే 2 మైక్రోలీటర్లు తీసి 220 నుంచి 320 నానోమీటర్ల దాకా పూర్తి గీత గీయించాలి. శిఖరం 276 దగ్గర కాకుండా 260 వైపు ఒరిగి ఉంటే, ఆ గొట్టానికి హెపారిన్ కాలమ్ ఇంకా బాకీ ఉంది.